తక్కువ తూగిన బుట్ట

ఈ పనికి పొడుగాటి ఇంగ్లీషు పేరొకటి ఉందని, ఎనభైల్లో విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చి చెప్పేదాకా నాకు తెలియదు. వైకల్యం ఉన్న మనిషికి నలుగురూ చేసే చోటే పని చూపించి, కుదురుకునేదాకా పక్కనుండి సాయపడి, ఆ తర్వాత తప్పుకోవడమట. ఆయన ఫైలు తెరిచి, "ఈ సేవను మీరు ఎలా స్థాపించారండీ?" అని అడిగారు. నేను స్థాపించింది ఏమీ లేదు. మా వరండాలో ఒక బెంచీ ఉండేది, దాని మీద ఒక అమ్మాయి వచ్చి కూర్చుంది. అదే చెప్పాను. ఆయన రాసుకోలేదు.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాను. మా నాన్నగారు సువార్తికులు. మిషన్ వాళ్ళు ఆయనను ఎప్పుడూ బడి లేని ఊళ్ళకే పంపేవారు. అమ్మ వంట చేస్తూ నాచేత బైబిలు చదివించేది. తప్పు చదివితే గరిటెతో గిన్నె అంచు మీద కొట్టేది. పాత నిబంధన పూర్తయ్యేసరికి గిన్నెలన్నీ సొట్టలు పడ్డాయి, నాకు చదువు వచ్చింది. పెళ్ళయి నర్సీపట్నం వచ్చాక, చేతిరాత బాగుందని మా సంఘంలో స్త్రీల సమాజానికి నన్ను కార్యదర్శిని చేశారు. ఏ అర్హతా చూడకుండా ఇచ్చిన పదవి అది. ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

మా సమాజం ప్రతి క్రిస్మస్‌కీ గుడ్డివాళ్ళకూ కుంటివాళ్ళకూ దుప్పట్లు పంచేది. అప్పట్లో మాటలు అలాగే ఉండేవి. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, వరసలో ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. పుట్టుకతోనే చూపు లేదు. వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఊడ్చే పని చేసేది, మా సంఘస్తురాలే. అమ్మాయి దుప్పటి అందుకుని, రెండు చేతులతో తడిమి చూసి, మళ్ళీ మడతపెట్టి మా అధ్యక్షురాలి చేతిలో పెట్టేసింది.

"వొద్దమ్మగారూ. నిరుడిచ్చిందే ఇంకా బాగున్నాది. ఏదైనా పనుంటే ఇప్పించండి."

కార్యక్రమంలో ఈ అంశం లేదు. అధ్యక్షురాలు కాస్త ఆలోచించి, "ప్రార్థన చేద్దాం" అని, అక్కడికక్కడే చేశారు. అందరం ఆమేన్ అన్నాం. అమ్మాయి కదల్లేదు.

"ఇప్పుడు సేసింది పనికోసమేనాండి, దుప్పటి కోసమా?"

వెనక వరసలో ఉన్నవాళ్ళు తోసుకుంటున్నారు. "చూద్దాంలే అమ్మా" అన్నాను. మా ఊళ్ళో ఆ మాటతో ఎవరైనా ఇంటికి వెళ్ళిపోతారు. ఆ అమ్మాయి మాత్రం మర్నాడు పొద్దున్నే తల్లి చెయ్యి పట్టుకుని వచ్చి, మా వరండాలో బెంచీ మీద కూర్చుంది. తల్లి డ్యూటీకి వెళ్ళిపోయింది. నేను ముగ్గుచిప్ప లోపల పెట్టి వచ్చేసరికి, "సూసారాండి?" అని అడిగింది.

అలా మేమిద్దరం పని వెతకడానికి బయల్దేరాం. నర్సీపట్నంలో మనసు లేని మనిషి లేడని నాకు ఆ నెలలోనే తెలిసింది. టిఫిన్ హోటల్ ఆయన, "అమ్మగారూ, రోజూ ఒక ప్లేటు ఇడ్డెన్లు ఈ పిల్లకి ఊరికే ఎట్టెత్తాను. పని మాట మాత్రం ఎత్తకండి" అన్నారు. బట్టల కొట్టు ఆయన మా మాట పూర్తిగా వినకుండానే జాకెట్టు గుడ్డ చింపి ఇచ్చేశారు. పెంకుల బట్టీ యజమాని పనివాడిని కేకేసి మజ్జిగ తెప్పించారు. ఇంటికి వచ్చేటప్పుడు మా చేతుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. పని మాత్రం ఉండేది కాదు.

చింతపండు కాలం వచ్చింది. కొండమీద వాళ్ళు కావిళ్ళతో దించిన కాయంతా గొలుగొండ రోడ్డులో ఒక షావుకారు గోడౌనుకు చేరేది. అక్కడ పది పన్నెండు మంది ఆడవాళ్ళు కూర్చుని పిక్క తీసేవారు. కాయ పెంకు ఒలిచి, ఈనెలు లాగి, రాతి మీద పెట్టి చిన్న కర్రతో తట్టి, పిక్కలు తీసేసి పండు బుట్టలో వేసుకోవాలి. సాయంత్రం బుట్ట కాటా మీద పెడతారు. ఎంత తూగితే అంత కూలి. ఆ ఏడు సరుకు దూలాల దాకా ఉంది, మనుషులు చాల్లేదు.

షావుకారు అమ్మాయిని చూశారు, గుట్టను చూశారు, బయట మబ్బు పట్టిన ఆకాశం వంక చూశారు. "వానొచ్చిందంటే ఇదంతా నల్లబడిపోతాది. సరే, నాలుగ్రోజులు కూకోమనండి. వేలు చితికితే నాకు సమ్మందం లేదు." ఆ మబ్బుకు కూడా నేను స్తోత్రం చెప్పుకున్నాను.

నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను. "మీకూ కూలియ్యాలేటండి?" అని షావుకారు అడిగారు. వద్దన్నాను. "ఐతే ఎంతసేపైనా కూకోండి" అన్నారు.

పని నేర్చుకోవడం పెద్ద కష్టం కాలేదు. అమరిక కుదరడమే కష్టమైంది. ఎడమచేతి వైపు కాయలు, కుడిచేతి వైపు పిక్కల డబ్బా, ఎదురుగా బుట్ట, ఇలా అనుకున్నాం. పక్కన కూర్చున్నవాళ్ళు, పాపం అందదేమోనని, ఆమె డబ్బాను ఇంకాస్త దగ్గరికి జరిపేవారు. జరిపినప్పుడల్లా పిక్కలు నేలమీద పడేవి. పడినప్పుడల్లా, "సూసినావా, అందుకే జరిపినాను" అని మళ్ళీ జరిపేవారు. గుమ్మం నుంచి ఆమె చోటు దాకా గోడవెంట కొబ్బరితాడు కట్టాం, పట్టుకుని తనంతట తాను వస్తుందని. రెండో రోజుకల్లా ఆడవాళ్ళు అన్నం సంచులన్నీ ఆ తాడుకే తగిలించారు. ఆమె ఒక్కో సంచినీ తప్పించుకుంటూ వస్తూ, "మామ్మా, ఈవేళ ఎండుసేప తెచ్చినావు" అని చెప్పేది.

మామ్మ అంటే ఆ గుంపులో అందరికంటే పెద్దామె. నోరు కూడా అందరికంటే పెద్దదే. "ఓలమ్మా, ఈ గుంటపిల్ల ముందర ఏటీ దాసుకోలేము గదే" అనేది.

ఆ నెలంతా నా చేతులు నల్లగా ఉన్నాయి. ప్రభుభోజనపు ఆదివారం పాస్టరుగారు రొట్టెముక్క నా చేతిలో పెట్టబోయి, ఒక్క క్షణం ఆగి, పెట్టారు. ఆయనకు దేవుడు మేలు చేయాలి.

అమ్మాయి చేతికి పని అలవాటయ్యాక తప్పుకోవాలని నాకు తోచింది. ముందు గుమ్మం దగ్గరికి జరిగాను. తర్వాత మధ్యాహ్నాలు మానేశాను. ఆ తర్వాత సాయంత్రం తూకం వేళకు మాత్రం వెళ్ళి, ఆమెను ఇంటి దాకా దిగబెట్టేదాన్ని. ఈలోగా మా బెంచీ ఖాళీగా లేదు. రోలుగుంట నుంచి ఒక చెవిటి దర్జీ వచ్చాడు. పోలియో కాలున్న ఇంకొకాయన, మాకవరపాలెం నుంచి బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చేవాడు. వాళ్ళకోసం నేను కొట్ల వెంట తిరుగుతున్నప్పుడు అందరూ ఒకటే అడిగేవారు. "ఆ సింతపండు పిల్ల ఎలా సేత్తున్నాదండి?"

చాలా బాగా చేస్తోంది. ఎంత బాగా అంటే, నేను పక్కనుంచి లేచి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె బుట్ట రోజురోజుకీ బరువెక్కుతోంది. కొన్నాళ్ళకు గోడౌను మొత్తంలో అదే పెద్ద బుట్ట అయింది. వరసగా కొన్ని ఆదివారాలు నేను మా సంఘం గుడిలో లేచి నిలబడి, ఆమె చేతులకు దేవుడిచ్చిన వడిని గురించి సాక్ష్యం చెప్పాను. షావుకారు బజారులో చెప్పారు. ఆయన మాట నాకంటే ఎక్కువ మందికి వినబడింది.

అయితే ఆమె బుట్ట పెరిగిన కొద్దీ మిగతావాళ్ళ బుట్టలు తగ్గసాగాయి. షావుకారు కాటా దగ్గర నిలబడి కేకలేసేవారు. "కళ్ళు లేని పిల్ల ఇంత తీత్తున్నాది, కళ్ళున్నోళ్ళకి మీకేటి రోగం? కబుర్లు తగ్గించండి!" అమ్మాయి బుట్ట వచ్చేసరికి మాత్రం లోపలికి తొంగి కూడా చూసేవారు కాదు. "బంగారం" అని పక్కన పెట్టేవారు.

ఒక శనివారం సాయంత్రం ఆయన నన్ను పక్కకు పిలిచారు. "అమ్మగారూ, మీ బెంచీ మీద ఇలాటోళ్ళు ఇంకెంతమందున్నారు? ఓ పదిమందిని తెండి. సోమవారం నుంచి ఈ పిల్ల బుట్టకి సమానంగా తూగనోళ్ళని మానిపించేత్తాను."

నాకు సంతోషించాలో లేదో తెలియలేదు. ఇద్దరం ఇంటికి బయల్దేరాం. ఆమె నా మోచెయ్యి పట్టుకుని నడుస్తోంది. నడుస్తూనే అంది:

"అమ్మగారూ, నా బుట్టలో నాను తీయని పండు ఉన్నాదండి."

"నీకెలా తెలుసు?"

"పడినపుడు సప్పుడొత్తాది గదండి. నాను ఎయ్యనపుడు కూడా పడతన్నాది."

"ఎవరు వేస్తున్నారు?"

"అందరూనండి. ఒకలికి తెలీకుండా ఒకలు. మీరు లేచి ఎల్లిపోయిన కాడి నుంచీ."

నేను రోడ్డు మీద ఆగిపోయాను. నేను పక్కన ఉన్నన్నాళ్ళూ ఆ పిల్లకు ఒక దిక్కుంది అనుకున్నారు. నేను లేచి వచ్చేశాక ఎవరికి వారు ఆ బాధ్యత తీసుకున్నారు. రోజుకో గుప్పెడు, రెండు గుప్పెళ్ళు. ఒకరితో ఒకరు చెప్పుకోలేదు. వాళ్ళలో మా సంఘంవాళ్ళూ ఉన్నారు, అమ్మవారికి మొక్కేవాళ్ళూ ఉన్నారు. మేలు చేసి చెప్పుకుంటే దాని ఫలం పోతుందన్న నమ్మకం మాత్రం అందరిదీ ఒకటే. షావుకారు తిట్టినా చెప్పలేదు. తిట్లు తిన్నాక ఆ పిల్ల మీద కోపం వచ్చి, "దానికేటే, మారాణి" అని దెప్పేవారు. దెప్పుతూనే గుప్పెడు వేసేవారు.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"అమ్మతోటి సెప్పినానండి. దేవుడెడతంటే తినక ఈ సోద్యాలేటే, నోరు మూసుకో అన్నాది." బండేదో వస్తోందని నన్ను రోడ్డు వారకు లాగింది. "ఈవేళ షావుకారు మీతోటి అన్న మాట ఇన్నానండి. ఆళ్ళకి పని పోతాది, నాకు ఉంటాది. ఆ ఉన్నది నాది కాదండి. నాది ఎంతో నాకు తెలీదు. రేపెప్పుడో ఆళ్ళు ఎయ్యడం మానేత్తే, నానేటి సెయ్యాలండి?"

"అయితే ఏం చేద్దాం?"

"సోమవారం నన్ను కాటా పక్కన కూకోబెట్టండి. ఆళ్ళ సెయ్యందని కాడ."

మంచి ఉపాయమే. కానీ నాకు భయం వేసింది. ఆమె సొంత బుట్ట మరీ చిన్నదైతే షావుకారు మర్నాడే రావద్దంటారు. ఆయన వద్దన్నారని తెలిస్తే ఊళ్ళో ఇంకెవరూ రమ్మనరు. బెంచీ మీద దర్జీ ఉన్నాడు, పోలియో ఆయన ఉన్నాడు. ఇవన్నీ చెప్పాను. ఆమె విని, "తక్కువైతే తక్కువేనండి. తెలిసుంటాది" అంది. ఆ ఆదివారం నేను గుడిలో సాక్ష్యం చెప్పలేదు. ఇన్నాళ్ళూ దేవునికి చెప్పిన కృతజ్ఞతలు వృథా పోలేదులే, అందులో పన్నెండోవంతు చొప్పున ఆ ఆడవాళ్ళకూ చెందుతాయి అని సరిపెట్టుకున్నాను.

సోమవారం కాటా పక్కన చాప వేశాం. మామ్మకు కోపం వచ్చింది.

"ఏటే, మా పక్కన కూకుంటే కంపొత్తున్నాదేటి నీకు?"

"ఆ మూల గాలొత్తాది మామ్మా."

"గాలంట! కూలెక్కువైపోనాది, అందుకే ఉక్కపోత్తున్నాది."

ఇంకొకామె, "ఒగ్గీయే మామ్మా, షావుకారు కాడ కూకుంటే బుట్ట ఇంకా పెద్దదైపోతాది" అంది. ఆ మాటకు అందరూ నవ్వారు. అమ్మాయి కర్రతో తడుతూనే ఉంది. నేను ఆ రోజంతా గుమ్మం దగ్గరే కూర్చున్నాను. మామ్మ రెండుసార్లు గుప్పెడు మూసుకుని లేచి, కాటా దాకా నడిచి, అక్కడ గుమాస్తా ఉండడం చూసి, నీళ్ళు తాగి వెనక్కి వెళ్ళింది. మధ్యాహ్నంలోగా ఇంకో నలుగురికి కూడా అలాగే దాహం వేసింది.

సాయంత్రం తూకం. ఒక్కొక్కరి బుట్టా కాటా ఎక్కుతోంది. అందరివీ పెరిగాయి. షావుకారు కేకలకు ఫలితం వచ్చిందని మీసం దువ్వుకున్నారు. ఆఖరున అమ్మాయి బుట్ట ఎక్కింది. ముల్లు కొంచెం కదిలి ఆగిపోయింది.

షావుకారు బుట్ట దించి, కాటా తుడిపించి, మళ్ళీ ఎక్కించారు. అంతే. రాళ్ళు మార్పించారు. అంతే. వంగి అమ్మాయి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు.

"జొరం లేదు. దిష్టి. నానే, బజార్లో అందరికీ సెప్పి సెప్పి దిష్టి తగిలించినాను. ఎవులక్కడ, ఉప్పూ మిరపకాయలూ తెండి బేగి!"

గుమాస్తా నిజంగానే పరుగెత్తాడు. దిష్టి తీయడం మా సంఘం పద్ధతి కాదు. వారించాలా వద్దా అని నేను తటపటాయిస్తుండగానే మిరపకాయలు వచ్చేశాయి. షావుకారు వాటిని గుప్పిట్లో పట్టుకుని చెయ్యి తిప్పడం మొదలుపెట్టారు.

"దిష్టి కాదండి" అంది అమ్మాయి. "నాకొచ్చింది ఇంతేనండి. మొన్నటిదాకా ఆళ్ళు ఏసేవోరండి."

"ఎవులు?"

 వెనకనుంచి ఒకామె సన్నగా, "నాను ఒక్క గుప్పెడేనండి" అంది. పక్కామె గిరుక్కున తిరిగింది. "నువ్వూ ఏసీదానివేటే?" "ఏటి, నువ్వు కూడానా?" "నానొక్కదాన్నే అనుకున్నానే!" గోడౌనంతా గోలెత్తిపోయింది. అందరి మొహాల్లోనూ ఏదో మోసపోయిన చూపు. ఇన్నాళ్ళూ ఎవరికి వారు ఒంటరిగా చేస్తున్నామనుకున్న పుణ్యానికి ఇంతమంది భాగస్తులు తేలారు.

మామ్మ నేలమీద చతికిలబడింది. "సెప్పకూడదని కడుపులో ఎట్టుకున్నాను. ఇప్పుడందరి ముందరా కక్కించేసినారు. నెలరోజుల పున్యం, అంతా పోనాది."

"నీ పున్యం సంగతి తర్వాత" అన్నారు షావుకారు. మిరపకాయలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. "నా పరువు సంగతేటి? రేపు సోడవరం నుంచి ఒక షావుకారు ఈ పిల్లని సూడ్డానికొత్తున్నాడు."

 అమ్మాయి చాప మీద నుంచి లేచింది. 

"నన్ను రేపు రమ్మంటారా, వద్దంటారాండి?"

షావుకారు బుట్ట వంక చూశారు. మిగతా బుట్టలవంక చూశారు. ఆయనకు నిజానికి నష్టం ఏమీ లేదు. ఎవరి బుట్టలో ఉన్నా పండు పండే. ఆ లెక్క ఆయన మొహంలో నెమ్మదిగా పూర్తికావడం మేమంతా నిలబడి చూశాం.

"ఈ సరుకు తరిగీదాకా ఏ సెయ్యీ నాకు వొద్దు కాదు" అన్నారు చివరికి. "ఎంత తీత్తే అంతే కూలి. రా. ఎవులైనా దాన్లో గుప్పెడేసినట్టు కనబడితే మాత్రం, ఆ గుప్పెడు నాది." ఆడవాళ్ళవైపు తిరిగి, "మీరూ రండి. ఎవుల్ని మానిపిత్తానన్నాను? నానలాగ అనలేదు" అన్నారు. నన్ను చూసి, "పదిమంది వొద్దండి. ఒకలిని తెండి, సూద్దాం" అన్నారు.

మిరపకాయలు పారేయడం ఎందుకని పచ్చడికి ఇంటికి పంపించారు.

తగ్గిన రాబడి చూసి అమ్మాయి తల్లి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "మా పిల్ల పెంకెదండి" అంది. అందులో కొంత గర్వం ఉందని నాకు అనిపించింది.

అమ్మాయి కాటా దగ్గర చాప తీసేసి మళ్ళీ ఆడవాళ్ళ మధ్యకే వెళ్ళి కూర్చుంది. కూర్చుంటూనే, "ఇంక ఎవులూ ఎయ్యకండి. సప్పుడైతే కేకేత్తాను" అంది. "నీకేసీదెవులే, మాకే సాలదు" అంది మామ్మ. కానీ ఆ పిల్ల బుట్ట మీద మళ్ళీ ఎవరి గుప్పెడూ తెరుచుకోలేదు.

ఆ వారాంతం తూకానికి నేను కొంచెం ఆలస్యంగా వెళ్ళాను. అమ్మాయి బుట్ట అప్పటికే వరస మధ్యలో ఎక్కింది. సోమవారం కంటే కాస్త ఎక్కువే తూగింది, ఇంకా చాలామందికంటే తక్కువే. ఎవరూ కబుర్లు ఆపలేదు, ఎవరూ తల తిప్పి చూడలేదు. షావుకారు బుట్టలో చెయ్యి పెట్టి ఒక ముద్ద పైకి తీసి, వెలుతురులో పట్టుకున్నారు.

"ఏటిది? ఈనెలు అలాగే ఒగ్గేసినావు! ఇలాటి సరుకు నానెవులికి అమ్మాలి? తీసుకుపో. మళ్ళీ తీసి తే. బేగి!"

ఆయన ఆమెను తిట్టడం అదే మొదటిసారి. ఆమె బుట్ట ఎత్తుకుని తన చోటికి వెళ్ళి, గొణుక్కుంటూ, ఈనెలు ఏరడం మొదలుపెట్టింది. ఆమె దారిన వెళ్ళే ఆడవాళ్ళు ఉన్నారు కదా అని, నేను ఎదురుచూడకుండా ఒక్కదాన్నే ఇంటికి వచ్చేశాను. దారిపొడుగునా దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.